డాలస్ గడియారం, పాలమూరు పొద్దు

చలికాలమంతా డాలస్ నుంచి ఫోన్ పొద్దుగాల ఎనిమిదిన్నరకు వస్తుంది. అక్కడ రాత్రి తొమ్మిది, పిల్లలు పడుకునే ముందు తాతతో, నానమ్మతో నాలుగు మాటలు మాట్లాడే వేళ. మార్చి రెండో వారం దాటగానే అదే ఫోన్ ఏడున్నరకే మోగుతుంది. బర్రె పాలు పిండి కేంద్రంలో పోసి వచ్చేసరికి రెండు మిస్డ్ కాల్స్. అట్లని అక్కడివాళ్లు తొందరపడిందేమీ లేదు. వాళ్ల గోడ మీద ఇప్పటికీ తొమ్మిదే. ముల్లు జరిగింది, అంతే.

నల్లగొండలో, మహబూబ్‌నగర్‌లో వాడకొకరు అమెరికాలోనో లండన్‌లోనో ఉన్న రోజులివి. ఈ డేలైట్ సేవింగ్ టైమ్ సంగతి మాత్రం "వాళ్లు టైమ్ మారుస్తరంట" అన్న దగ్గరే ఆగిపోతుంది. ఎందుకు మారుస్తారు, ఎప్పుడు మారుస్తారు, దానివల్ల మన దగ్గర ఏమేం తప్పుతుంది అన్నది ఒకసారి వివరంగా చూద్దాం.

ముందు అసలు జరిగేది. అమెరికాలో మార్చి రెండో ఆదివారం తెల్లవారుజామున గడియారం 1:59 తర్వాత 2:00 చూపించదు, నేరుగా 3:00కు దూకుతుంది. ఆ రోజుకు 23 గంటలే. నవంబర్ మొదటి ఆదివారం 1:59 తర్వాత మళ్లీ 1:00 అవుతుంది. ఆ రోజుకు 25 గంటలు. 2026లో ఆ తేదీలు మార్చి 8, నవంబర్ 1. అరిజోనాలో నవాజో ప్రాంతం తప్ప మిగతా రాష్ట్రమంతా, హవాయి మొత్తం దీని జోలికి పోవు. కాబట్టి ఫీనిక్స్‌లో ఉన్న బంధువుల ఫోన్ ఏడాది పొడుగునా ఒకే వేళకు వస్తుంది.

'సేవింగ్' అన్న మాట విని పగటిని ఎక్కడో దాచిపెడతారనుకోవద్దు. పొద్దు ఒక్క నిమిషం పెరగదు. ఊరంతా రోజూ లేచేదానికంటే గంట ముందు లేవాలి, గంట ముందు పనికి పోవాలి, గంట ముందు పడుకోవాలి. ఆ మాట నేరుగా చెబితే ఎవరూ వినరు. అందుకని ముల్లును గంట ముందుకు తిప్పి, "ఎప్పటిలాగే తొమ్మిదింటికి రండి" అంటారు. బడి గంట కొట్టే వేళను మార్చకుండా గడియారాన్నే మార్చడం అన్నమాట.

ఇది ఎవరికి పనికొస్తుందో తెలియాలంటే రెండు ఊళ్ల పగలు పక్కపక్కన పెట్టి చూడాలి. లండన్‌లో జూన్ మూడో వారంలో పగలు 16 గంటలు దాటి మరో ముప్పావు గంటకు దగ్గరగా పోతుంది. డిసెంబర్‌లో ఎనిమిది గంటలకు కూడా చేరదు. తేడా దాదాపు తొమ్మిది గంటలు. గడియారం మార్చకపోతే జూన్‌లో అక్కడ పొద్దు పొడిచేది తెల్లవారుజామున 3:43కు. ఊరు ఇంకా మంచి నిద్రలో ఉంటుంది, వెలుగంతా కిటికీ తెరల మీద వృథాగా పడుతుంది. గంట ముందుకు జరిపితే పొద్దుపొడుపు 4:43, పొద్దుగూకడం రాత్రి 9:21. పని ముగించుకుని ఇంటికొచ్చాక కూడా నాలుగు గంటల వెలుగు మిగులుతుంది.

ఇప్పుడు పాలమూరు. జూన్ చివర్లో పొద్దు పొడిచేది సుమారు 5:46కు, కుంకేది 6:53కు. పగలు 13 గంటల 7 నిమిషాలు. డిసెంబర్ చివర్లో 6:42 నుంచి 5:50 దాకా, అంటే 11 గంటల 8 నిమిషాలు. రెండింటికీ తేడా రెండే గంటలు. నిద్రలో పోగొట్టుకునే వెలుగు మన దగ్గర పెద్దగా లేదు. ఐదున్నరకే కల్లాపి చల్లే ఇళ్లలో గడియారం జరిపి మిగిల్చేదేముంది?

పైగా మన గడియారం ఇప్పటికే పొద్దుకంటే ముందు నడుస్తోంది. భారత ప్రామాణిక సమయం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం లెక్క. అది మీర్జాపూర్ దగ్గరగా వచ్చి, మన తెలుగు నేల మీద కాకినాడ వైపు సముద్రంలోకి దిగుతుంది. మహబూబ్‌నగర్ 78 డిగ్రీల మీద ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున నాలుగున్నర డిగ్రీలకు 18 నిమిషాలు. నల్లగొండకు 13 నిమిషాలు. గద్వాలకు 19. అంటే పాలమూరులో నడినెత్తిన పొద్దు వచ్చేది 12 గంటలకు కాదు, సగటున 12:18కు. చదునైన చోట ఒక కర్ర నిలువుగా పాతి నీడ కొనకు గీతలు గీస్తూ పోతే ఎవరైనా చూడొచ్చు. ఫిబ్రవరి నడుమ అన్నిటికంటే పొట్టి నీడ 12:32 ప్రాంతంలో పడుతుంది, నవంబర్ మొదట్లో 12:02కే పడుతుంది. ఆ అరగంట ఊగిసలాట గడియారం తప్పు కాదు. భూమి కక్ష్య నిండు గుండ్రం కాకపోవడం, ఇరుసు వాలి ఉండటం దానికి కారణాలు.

ఈ ఆలోచన ఎవరిదంటే చాలామంది బెంజమిన్ ఫ్రాంక్లిన్ పేరు చెబుతారు. 1784లో పారిస్ పత్రికకు ఆయన రాసింది ఎగతాళి ఉత్తరం. పొద్దెక్కేదాకా పడుకునే పారిస్ జనాన్ని ఫిరంగులు పేల్చి లేపాలని, కిటికీ తలుపులకు పన్ను వేయాలని, కొవ్వొత్తులు ఆదా అవుతాయని అందులో ఉంది. గడియారం తిప్పమని ఎక్కడా లేదు. ఆ మాట మొదట గట్టిగా అన్నది న్యూజిలాండ్‌లో పురుగులను సేకరించి చదివే జార్జ్ హడ్సన్. కొలువు పోస్టాఫీసులో. డ్యూటీ దిగాక పురుగులు పట్టడానికి వెలుగు కావాలి. 1895లో వెల్లింగ్టన్ పండితుల సభ ముందు ఏకంగా రెండు గంటలు జరపాలన్నాడు. నవ్వి ఊరుకున్నారు.

తర్వాత ఇంగ్లండ్‌లో ఇళ్లు కట్టించే విలియం విల్లెట్. 1907లో సొంత డబ్బుతో కరపత్రం అచ్చేసి పంచాడు. ఆయన పద్ధతి వింతది. ఏప్రిల్‌లో నాలుగు ఆదివారాలు, ఒక్కోసారి 20 నిమిషాల చొప్పున మొత్తం 80 నిమిషాలు ముందుకు, సెప్టెంబర్‌లో అదే తీరున వెనక్కి. ఏడాదికి ఎనిమిదిసార్లు ముల్లు తిప్పాలి. పార్లమెంటు ఒప్పుకోలేదు. 1915లో విల్లెట్ చనిపోయాడు. మరుసటి ఏడే, 1916 ఏప్రిల్ 30 రాత్రి, యుద్ధంలో బొగ్గు మిగుల్చుకోవడానికి జర్మనీ, ఆస్ట్రియా-హంగరీ గడియారాలు గంట ముందుకు జరిపాయి. మూడు వారాలకు, మే 21న, బ్రిటన్ కూడా జరిపింది. అంతకుముందు చిన్న ఊరి స్థాయిలో కెనడాలోని పోర్ట్ ఆర్థర్ 1908లోనే చేసి చూసింది.

అమెరికా 1918లో మొదలుపెట్టి, మరుసటి ఏడే తీసేసింది. తీయించినవాళ్లలో ముందున్నది రైతులు. ఇది రైతుల కోసం తెచ్చిన పద్ధతి అని ఇప్పటికీ కొందరు చెబుతారు, అది పూర్తిగా తలకిందుల మాట. గడ్డి కోయాలంటే మంచు ఆరాలి. మంచు ఆరేది ఎండకు, గడియారానికి కాదు. కూలీలు మాత్రం గడియారం చూసి వస్తారు, గడియారం చూసి పోతారు. మన పత్తి చేలల్లో ఇదే జరుగుతుంది కదా. నవంబర్‌లో తెల్లారి మంచు మీద ఏరిన పత్తి తేమ పట్టి ఉంటుంది. కొనుగోలు కేంద్రంలో 8 శాతం దాటితే ధర కోస్తారు, 12 దాటితే తీసుకోనే తీసుకోరు. గంట ముందు చేలోకి దిగితే గంట మంచులో ఊరికే నిలబడాల్సిందే. బర్రెది కూడా అదే లెక్క. పాలు దాని పొదుగు నిండినప్పుడు ఇస్తుంది, సర్కారు జీవో చూసి ఇవ్వదు.

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా 1942 ఫిబ్రవరి నుంచి 1945 సెప్టెంబర్ దాకా ఏడాది పొడుగునా గంట ముందే నడిచింది. యుద్ధం అయ్యాక ఎవరి ఇష్టం వాళ్లదైంది. పశ్చిమ వర్జీనియా నుంచి ఒహాయోకు 35 మైళ్ల బస్సు ప్రయాణంలో ఏడుసార్లు గడియారం మార్చుకోవాల్సి వచ్చేదట. ఇంచుమించు నల్లగొండ నుంచి చౌటుప్పల్ దూరం. నార్కట్‌పల్లిలో ఒక టైమ్, చిట్యాలలో ఒక టైమ్ అనుకోండి. ఈ గందరగోళానికి 1966 చట్టం ముగింపు పలికింది. చమురు కరువు వచ్చినప్పుడు 1974 జనవరిలో మళ్లీ ఏడాదంతా వేసవి సమయమే అన్నారు. చలికాలంలో పొద్దుగాల ఎనిమిది దాటినా చీకటే. పిల్లలు చీకట్లో బడికి నడిచారు, తల్లిదండ్రులు గొడవ చేశారు, అదే ఏడు అక్టోబర్‌కు వెనక్కి తీసుకున్నారు. ఇప్పుడున్న మార్చి, నవంబర్ తేదీలు 2007 నుంచి అమల్లో ఉన్నవి.

ఇంతా చేసి కరెంటు మిగిలిందా? నాకు తెలిసి ఈ పద్ధతి బలం ఇక్కడే పడిపోయింది. 2007లో నాలుగు వారాలు పొడిగించినదానికి ఏడాది మొత్తం వాడకంలో 0.03 శాతం మిగిలిందని అమెరికా ఇంధన శాఖ లెక్క తేల్చింది. ఇండియానా రాష్ట్రం 2006లో మొత్తంగా ఈ పద్ధతిలోకి వచ్చినప్పుడు, ఇళ్ల కరెంటు వాడకం తగ్గకపోగా సుమారు ఒక శాతం పెరిగింది. దీపం ఖర్చు తగ్గింది, ఏసీ ఖర్చు పెరిగింది.

ఆ లెక్క మన ఇంట్లోనే వేసి చూడొచ్చు. పాతకాలం 60 వాట్ల బల్బులు ఐదు ఒక గంట ఆపితే 0.3 యూనిట్ మిగిలేది. ఇప్పుడు అవే ఐదు 9 వాట్ల ఎల్‌ఈడీలు, గంటకు 0.045 యూనిట్. ఒకటిన్నర టన్ను ఏసీ కంప్రెసర్ ఆగకుండా గంట తిరిగితే సుమారు 1.5 యూనిట్. ఐదు బల్బులను ముప్పై మూడు గంటలు ఆపి ఉంచితే ఒక ఏసీ గంట. మే నెలలో పాలమూరులో గడియారం గంట ముందుకు జరిపారనుకుందాం. ఆఫీసు ఐదింటికి వదులుతారు, కానీ ఆకాశంలో అది నాలుగు. వడగాడ్పు ఇంకా తగ్గని వేళకు అందరూ ఇంటికి చేరి ఏసీలు, కూలర్లు వేస్తారు. లండన్‌లో పనికొచ్చే సాయంత్రపు వెలుగు ఇక్కడ మాడు పగలగొడుతుంది.

అందుకే వేసవికి మనవాళ్లు గడియారం ముట్టుకోలేదు, బడి గంట కొట్టే వేళను మార్చారు. మార్చి నడుమ నుంచి ఒంటిపూట బడులు, ఎనిమిదింటికి మొదలై పన్నెండున్నరకు వదిలేస్తారు. ఉపాధి హామీ పనికి తెల్లవారుతూనే పోయి ఎండ ముదరకముందే తట్టలు దించేస్తారు. అవసరం ఉన్నవాళ్లే ముందుకు జరుగుతారు, మిగతా ఊరు ఎప్పటిలాగే నడుస్తుంది. బంగ్లాదేశ్ 2009 జూన్‌లో గడియారం గంట జరిపి చూసింది, ఆ ఏడు చివరికే మానుకుంది. పాకిస్తాన్ 2002లో, మళ్లీ 2008, 2009లో చేసి వదిలేసింది. బ్రెజిల్ 2019లో, మెక్సికో 2022లో మానేశాయి. యూరప్ పార్లమెంటు 2019లో ఇక చాలని ఓటేసింది, కానీ అది అమలుకు రాలేదు.

మన దేశంలో వేరే బాధ ఉంది. అస్సాం, అరుణాచల్ వైపు పొద్దు చాలా ముందే పొడుస్తుంది. అక్కడి తేయాకు తోటలు ఎప్పటినుంచో గంట ముందున్న 'బాగాన్ టైమ్' మీద నడుస్తున్నాయి. దేశం గడియారాన్ని కాపాడే ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల 2018లో దేశానికి రెండు సమయాలు పెట్టొచ్చని, 89 డిగ్రీల 52 నిమిషాల రేఖాంశం దగ్గర గీత గీయొచ్చని రాసింది. సర్కారు ఒప్పుకోలేదు. దానిలో తెలంగాణకు మారేదేమీ లేదు, మనం గీతకు ఎంతో పడమరన ఉన్నాం.

ఇక రోజువారీ చిక్కులు. ఈ తేడాలు కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించుకోండి. న్యూయార్క్, అట్లాంటా వైపు వేసవిలో మనకంటే 9:30 గంటలు వెనక, చలికాలంలో 10:30. డాలస్, షికాగో 10:30, 11:30. కాలిఫోర్నియా, సియాటిల్ 12:30, 13:30. లండన్ 4:30, 5:30. సిడ్నీ, మెల్‌బోర్న్ మనకంటే ముందు, పైగా అక్కడ వేసవి డిసెంబర్‌లో కాబట్టి అక్టోబర్ మొదటి ఆదివారం నుంచి ఏప్రిల్ మొదటి ఆదివారం దాకా 5:30 ముందు, మిగతా నెలలు 4:30. బ్రిస్బేన్ మాత్రం ఎప్పుడూ 4:30. అక్కడ మార్చరు.

లండన్‌కు ఒక పాత చిట్కా ఉంది. ముళ్ల గడియారాన్ని తలకిందులు చేసి పట్టుకుంటే అక్కడి టైమ్ కనబడుతుంది. ఇక్కడ పన్నెండైతే పెద్ద ముల్లు కిందికి వచ్చి ముప్పై చూపిస్తుంది, చిన్న ముల్లు ఆరు మీద ఉంటుంది. అక్కడ ఆరున్నర. చిన్న ముల్లు ఎప్పుడూ అరగంట వెనక పడి ఉంటుంది, అది సరిపెట్టుకోవాలి. ఇది చలికాలంలోనే పని చేస్తుంది. మార్చి చివరి ఆదివారం నుంచి అక్టోబర్ చివరి ఆదివారం దాకా దానికి గంట కలపాలి.

అమెరికా, యూరప్ ఒకే రోజు మారవు. 2026లో మార్చి 8 నుంచి 29 దాకా, మళ్లీ అక్టోబర్ 25 నుంచి నవంబర్ 1 దాకా, న్యూయార్క్‌కూ లండన్‌కూ మధ్య ఐదు గంటలకు బదులు నాలుగే. హైదరాబాద్‌లో కూర్చుని రెండు దేశాలతో మీటింగులు పెట్టేవాళ్లకు తప్పులు ఎక్కువగా ఈ నాలుగు వారాల్లోనే. మీటింగ్ ఎవరి ఊరి టైమ్‌లో పెట్టారో ఆ ఊరికి అది మారదు, మిగతావాళ్లకు మారుతుంది. ఫోన్‌లో ప్రపంచ గడియారం పెట్టుకునేటప్పుడు ఊరి పేరుతో పెట్టుకోవాలి. యూటీసీకి (ప్రపంచమంతా లెక్కకు వాడే, ఏడాది పొడుగునా మారని సమయం) 'మైనస్ ఆరు' అని అంకె పెడితే మార్చిలో అది జరగదు. ఈఎస్‌టీ అంటే న్యూయార్క్ వైపు చలికాలపు టైమ్, ఈడీటీ అంటే అక్కడి వేసవి టైమ్. జూలైలో ఎవరైనా 'ఈఎస్‌టీ తొమ్మిదింటికి' అని రాస్తే, వాళ్లు చెప్పదలచుకున్నది దాదాపు ఎప్పుడూ ఈడీటీనే. అడిగి నిర్ధారించుకోవడం మేలు. రాత్రి 2:30కు నడవాలని సర్వర్‌లో పెట్టిన పనికి మార్చిలో ఆ టైమే ఉండదు. 1:30కు పెట్టినదానికి నవంబర్‌లో ఆ టైమ్ రెండుసార్లు వస్తుంది. అలాంటివి యూటీసీ మీద పెట్టుకోవాలి.

బంగారం, వెండి ధరలు చూసేవాళ్లకు తెలిసిన సంగతి ఇంకొకటి. అమెరికా షేర్ మార్కెట్ మనకు వేసవిలో రాత్రి 7:00కు, చలికాలంలో 8:00కు తెరుచుకుంటుంది. దాన్నిబట్టే బంగారం, వెండి లాంటి సరుకుల వ్యాపారం జరిగే మన ఎంసీఎక్స్ మార్కెట్ కూడా రాత్రి వేసవిలో 11:30కు, చలికాలంలో 11:55కు మూస్తుంది.

అన్నిటికంటే ఎక్కువ తప్పులు పంచాంగం దగ్గర. ఒక తిథి మన టైమ్‌లో సాయంత్రం 6:20కి అయిపోతుందనుకుందాం. అక్టోబర్ 20 ప్రాంతంలో డాలస్‌లో అది పొద్దుగాల 7:50. ఆ రోజు అక్కడ సూర్యోదయం సుమారు 7:32. అంటే సూర్యోదయానికి ఆ తిథి ఉంది. అలవాటు కొద్దీ 11:30 తీసేస్తే 6:50 వస్తుంది, ఫోన్‌లో చూసిన సూర్యోదయం మాత్రం 7:32గానే ఉంటుంది. తిథి ముందే అయిపోయిందని పండుగ రోజు మార్చేస్తారు. రెండు అంకెలూ ఒకే గడియారంవి కావాలి. అమెరికాలో ఉగాది ఎలాగూ వేసవి సమయంలోనే పడుతుంది. దీపావళి ఒక ఏడు అటు, ఒక ఏడు ఇటు: 2025లో అక్టోబర్ 20, ముల్లు వెనక్కి జరగకముందు, 2026లో నవంబర్ 8, జరిగాక.

రాహుకాలం కూడా అంతే. మన క్యాలెండర్లో సోమవారం 7:30 నుంచి 9:00 అని అచ్చేసి ఉంటుంది. అది ఆరింటికి పొడిచి ఆరింటికి కుంకే పొద్దు లెక్క. జూన్‌లో డాలస్‌లో 6:20కి పొడిచి 8:38కి కుంకుతుంది. పగలు 14 గంటల 18 నిమిషాలు, దాన్ని ఎనిమిది భాగాలు చేస్తే ఒక్కోటి దాదాపు 1:47. సోమవారం రెండో భాగం కాబట్టి 8:07 నుంచి 9:54.

జాతకం రాయించేటప్పుడు ఇంకా జాగ్రత్త కావాలి. ఆసుపత్రి కాగితం మీద ఉండేది అక్కడి గోడ గడియారం టైమ్. జూలైలో డాలస్‌లో పొద్దుగాల 6:20కి పుడితే మనకు సాయంత్రం 4:50, 5:50 కాదు. గంట తప్పితే నక్షత్రం మారే అవకాశం 24లో ఒకటి, పాదం మారే అవకాశం ఆరులో ఒకటి. లగ్నం మాత్రం దాదాపు సగం రాశి జరిగిపోతుంది. నవంబర్‌లో ముల్లు వెనక్కి తిప్పే రాత్రి 1:30కు పుడితే, అది మొదటి ఒకటిన్నరా రెండోదా అని అక్కడే నర్సును అడిగి రాయించుకోవాలి. ఆ రాత్రి కవలలు పుడితే కాగితం ప్రకారం రెండోవాడే పెద్దోడు కావచ్చు.

పాత జాతకాలు తిరగేసేవాళ్లకు ఒక్క మాట. బ్రిటిష్ ఇండియాలో 1942 సెప్టెంబర్ 1 నుంచి 1945 అక్టోబర్ 15 దాకా యుద్ధం పేరుతో గడియారాలు గంట ముందు నడిచాయి. మద్రాసులోనో బెజవాడలోనో ఆ మూడేళ్లలో పుట్టి, గంటల్లో టైమ్ రాసి ఉంటే ఒక గంట తీయాలి. కొన్ని జాతకం సాఫ్ట్‌వేర్లు ఆ గంటను వాటంతట అవే తీసేస్తాయి, అందులో మళ్లీ మీరు తీస్తే రెండు గంటలు పోయి, ఒక గంట తప్పు వస్తుంది. నల్లగొండ, పాలమూరు అప్పుడు నిజాం రాజ్యం. అందుకని ఇక్కడి పుట్టుకకు ఆ లెక్క గుడ్డిగా అంటించొద్దు, ముందు ఆ టైమ్ ఏ గడియారం చూసి రాశారో పెద్దవాళ్లను అడగండి. సూర్యోదయం నుంచి ఇన్ని ఘడియలు, ఇన్ని విఘడియలు అని రాసి ఉంటే ఏమీ తీయనక్కర్లేదు. ఘడియకు 24 నిమిషాల చొప్పున ఆ ఊరి సూర్యోదయానికి కలుపుకోవడమే.